పొరుగింటికి చోటున్న పస్కా



సంస్కారపు ఆదివారం మన పాపములను తలంచుకొని బల్లయొద్దకు వెళ్లుదుము. మంచిదే. అయితే ఈ బల్లకు మూలమైన పస్కాలో పొరుగువారికి కూడ చోటున్నది.

నిర్గమకాండము 12వ అధ్యాయం చూడండి. గొఱ్ఱెపిల్లను తినుటకు ఇంటివారు చాలనప్పుడు పొరుగింటివారిని కలుపుకొనవలెను. మాంసమును ఇల్లు దాటించకూడదు. అంటే, గిన్నెలో కూర పంపినట్లు పంపితే చాలదు. పొరుగువారు గడప దాటి లోనికి రావలెను, అదే రక్తము క్రింద కూర్చుండవలెను.

ఆ పస్కా రాత్రియే ప్రభువు రొట్టెను, గిన్నెను శిష్యులకిచ్చి, అవి తన శరీరము, తన రక్తము అనెను. కొరింథులో కలిగినవారు ముందే తిని, లేనివారు ఆకలితో మిగిలినప్పుడు పౌలు గద్దించెను (1 కొరింథీ 11). మన తెలుగు నేలలో 1912లో దోర్నకల్ బిషప్పైన అజరయ్యగారు మాల, మాదిగ విశ్వాసులను ఒకే సంఘముగా కూర్చుటకు పాటుపడిరి.

నేడు పల్లెలనుండి వచ్చి ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ అద్దె గదులలో ఉన్నవారు అనేకులు. ఒకే మెట్లు ఎక్కుదురు. ఒకరి పేరు ఒకరు ఎరుగరు. మీ ఊరిలోనూ మీకు మాటలు లేని ఇల్లు ఉన్నదా? బల్లకు వచ్చుటకు ముందు ఆ తలుపు తట్టండి. ఆయన రక్తము క్రింద వారికిని చోటున్నది.