గర్భాలయం దేవునిది, మండపం ఊరిది

ఆలయ మండపంలో పిల్లలకు పాఠాలు చెప్పవచ్చునా? వైద్య శిబిరం పెట్టవచ్చునా? ఈ మాట వచ్చినప్పుడల్లా పలువురు భక్తుల మనసు కలత చెందుతుంది. పవిత్రతకు భంగం కలుగుతుందేమోనన్న ఆ భయం భక్తిలో నుంచి పుట్టినదే. కనుక దానిని తేలికగా తోసిపుచ్చరాదు.

అయితే ఈ సందేహం మనకొక్కరికే వచ్చినది కాదు. ఇంగ్లండులో వందల ఏండ్ల నాటి చర్చిలెన్నో ఆరాధకులు తగ్గి, పోషణ భారమై, ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నాయి. మధ్యయుగాలలో అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. పూజావేదిక గల తూర్పు భాగం పోషణ మతాచార్యుని బాధ్యత. జనం నిలిచే విశాలమైన శాల ఊరివారి బాధ్యత. ఊరి సమావేశాలు, విందులు ఆ శాలలోనే జరిగేవి. హెరిఫర్డ్ పట్టణంలోని ఆల్ సెయింట్స్ చర్చి 1997లో ఆ పాత బాటనే మళ్లీ పట్టింది. లోపల ఒక వైపు ఫలహారశాల వెలసింది. ప్రార్థనలు మాత్రం ఆగలేదు.

పరాయి దేశపు ముచ్చట మనకెందుకంటారా? అయితే మన శాసనాలనే చూడండి. తమిళనాట ఉత్తరమేరూరులో వైకుంఠ పెరుమాళ్ ఆలయ గోడలపై క్రీ.శ. 919, 921 నాటి శాసనాలున్నాయి. గ్రామసభ వారియాలకు సభ్యులను ఎన్నుకునే నియమాలను ఆ గోడల మీదనే చెక్కించారు. మన కృష్ణాతీరాన, మందడం చెంతనున్న మల్కాపురం శాసనం కాకతి రుద్రమదేవి కాలం నాటిది, క్రీ.శ. 1261లో వేయించినది. విశ్వేశ్వర శివాచార్యులు శివాలయంతో పాటు విద్యాలయం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, కులభేదం లేక అందరికీ అన్నం పెట్టే సత్రం నెలకొల్పినట్లు అది చెబుతున్నది. శివుని సన్నిధికి చేరువలోనే తల్లులకు పురుడు పోశారు. దానివలన శివుని మహిమ తరిగినదా?

హద్దులు ఉండవలసినదే. గర్భాలయంలో ఆగమం చెప్పినదే శాసనం. అర్చన వేళ మండపంలో నిశ్శబ్దం పాటించాలి. ఉత్సవం వచ్చిన నాడు మండపం ముందుగా స్వామికే చెందుతుంది. మద్యమాంసాలకు, పార్టీల ప్రచారానికి, లాభాపేక్ష గల వ్యాపారానికి అక్కడ తావు లేదు. వాడుకున్నవారే ఊడ్చి, కడిగి అప్పగించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఫలానా కులంవారు రారాదన్న మాట అక్కడ వినిపించరాదు.

ఈ హద్దులు పాటించలేమన్న భయంతో మండపానికి తాళం వేయడం భక్తి అనిపించుకోదు. పూటకో గంట తెరిచి, మిగిలిన పొద్దంతా మూసి ఉంచిన మండపంలో గబ్బిలాలు చేరుతాయి, పైకప్పు కురుస్తుంది, పట్టించుకునేవారుండరు. నిత్యం నలుగురు మసలే చోట దీపం కొండెక్కితే ఎవరో ఒకరు చూస్తారు, నూనె పోస్తారు. అక్కడ అక్షరాలు దిద్దిన బాలుడు పెద్దవాడై ఆ గుడిని తనదిగా భావిస్తాడు. రేపటి జీర్ణోద్ధరణకు ముందుకు వచ్చేది అతడే.

మీ ఊరి గుడి మండపం ఈనాడు ఎలా ఉన్నదో ఒకసారి చూసి రండి. తాళం వేసి ఉంటే ధర్మకర్తలతో, అర్చకస్వాములతో వినయంగా మాట్లాడండి. స్వామి తన ముంగిటికి బిడ్డలు వచ్చారని కినుక వహించేవాడు కాడు.