వెల్డింగ్ కన్నా మడమ కింది పెడల్ మేలు

కాలువలకు నీరు వదలగానే డెల్టాలో సార్వా దమ్ములు మొదలవుతాయి. దమ్ములతో పాటే ట్రాక్టర్లు దిగబడటమూ మొదలవుతుంది. ఒక వెనుక చక్రం బురదలో గిర్రున తిరుగుతుంటుంది. రెండోది గట్టి నేల మీద ఉండి కూడా కదలదు. డ్రైవరు యాక్సిలేటరు పెంచేకొద్దీ బండి ఇంకాస్త కూరుకుపోతుంది. గంటల లెక్కన ట్రాక్టరు అద్దెకు తెచ్చుకున్న చిన్న రైతుకు మాత్రం బాడుగ పెరుగుతూనే ఉంటుంది.

ఈ బాధ పడలేక కొందరు యజమానులు ఊళ్లోని షెడ్డులో డిఫరెన్షియల్ విప్పించి, లోపలి పళ్ల చక్రాలను కదలకుండా వెల్డింగ్ కొట్టించేస్తున్నారు. అలా చేస్తే రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి, బండి దిగబడదు అని వారి నమ్మకం. ఇది డబ్బిచ్చి కొనుక్కునే ప్రమాదం. కంపెనీ ఇచ్చిన లాక్ కాలి కిందే ఉండగా ఈ పనికి పోవడం తగదు.

ఆ మధ్య ఒక షెడ్డులో ఇలాగే ట్రాక్టరు పెట్టిన రైతు కనిపించాడు. సెకండ్ హ్యాండ్ బండి. అప్పు చేసి కొన్నాడు.

"కాలి దగ్గర లాక్ పెడల్ ఉంది కదా బాబాయ్, మళ్లీ వెల్డింగ్ ఎందుకు?" అని అడిగాను.

"అదా అండీ! అది తొక్కితే దిగదు. కొన్నప్పట్నించీ దాని జోలికే పోలేదు. ఎందుకిచ్చారో కూడా ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

మెకానిక్ ఒకసారి చూద్దామన్నాడు. పెడల్ కడ్డీకి ఏళ్ల తరబడి బురద పట్టి, తుప్పు బిగిసిపోయి ఉంది. కిరోసిన్ పోసి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టాక పెడల్ దిగింది. పూట కూడా పట్టలేదు. వెల్డింగ్ ఊసు అక్కడితో ఆగింది. అన్ని బండ్లకూ ఇంత తేలిగ్గా పని జరగకపోవచ్చు. లోపలి ఫోర్కు, స్ప్రింగు అరిగి ఉంటే మార్చాల్సి రావచ్చు. కానీ ముందు చూడాల్సింది అదే.

డిఫరెన్షియల్ ఎందుకు?

ట్రాక్టరు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. వెనుక చక్రాల మధ్య నాలుగున్నర అడుగులు ఉందనుకుందాం. గట్టు దగ్గర బండి పూర్తిగా వెనక్కి మళ్లేసరికి బయటి చక్రం లోపలి దానికన్నా సుమారు 14 అడుగులు ఎక్కువ దొర్లాలి. ఈ తేడాను సర్దేదే డిఫరెన్షియల్.

దీనికి ఒక లోపం ఉంది. అది రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది. బురదలోని చక్రానికి ఎంత పట్టు దొరికితే, గట్టి నేల మీది చక్రానికీ అంత బలమే అందుతుంది. అందుకే ఒకటి జారితే రెండోది ఊరుకుంటుంది. ఆ కాసేపటికి రెండింటినీ కలిపి కట్టడానికే కంపెనీలు లాక్ ఇచ్చాయి. కాలు తీస్తే విడిపోయేలా స్ప్రింగు పెట్టాయి. వెల్డింగ్ కొడితే ఆ విడిపోవడమే ఉండదు.

వెల్డింగ్ చేస్తే జరిగేది

మొదటి ముప్పు మలుపు దగ్గర. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతుంటే బండి తిన్నగా పోవాలనే చూస్తుంది. స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు పక్కకు జారతాయి. కాలువ గట్టు మీద, ట్రక్కు నిండా ధాన్యం బస్తాలతో వచ్చే బండి మలుపు తిరక్కపోతే ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా?

రెండోది బ్రేకులు. మడిలో కురచగా తిప్పడానికి మనం ఒక పక్క బ్రేకే తొక్కుతాం. డిఫరెన్షియల్ బిగిసిపోయాక ఆ కిటుకు పనిచేయదు. ఒక చక్రాన్ని పట్టుకుంటే రెండోదీ ఆగుతుంది.

మూడోది ఖర్చు. తారు రోడ్డు మీద ప్రతి మలుపులోనూ ఏదో ఒక టైరు ఈడ్చుకుపోవాల్సిందే. టైర్లు అరిగిపోతాయి, యాక్సిల్ మీద మెలిక పడుతుంది. లోపలి చక్రాలు గట్టిపరచిన ఉక్కువి, వెల్డింగ్ వేడికి పగుళ్లిస్తాయి. విరిగిన ముక్క క్రౌన్, పినియన్ల మధ్య పడితే పళ్లు పోతాయి. చాలా మోడళ్లలో గేరు బాక్సుకూ హైడ్రాలిక్‌కూ ఒకటే ఆయిల్. ఆ రజను పంపు దాకా పోతుంది.

జీపుల వాళ్లు చేయించుకుంటున్నారు కదా అని కొందరి వాదన. కొండల్లో, ఇసుకలో పందేలకు తిప్పేవాళ్లు చేయిస్తారు, నిజమే. వారి బండి వదులు నేల మీద తిరిగేది, విరిగితే మార్చుకునే స్తోమత వారికుంటుంది. మన ట్రాక్టరు పొద్దున మడిలో, సాయంత్రం రోడ్డు మీద. పైగా బ్యాంకు వాయిదా దాని మీదే ఉంటుంది.

పెడల్ ఇలా వాడాలి

లాక్ పెడల్ సీటు కింద, చాలా మోడళ్లలో కుడి మడమ దగ్గర ఉంటుంది. చక్రం జోరుగా తిరుగుతున్నప్పుడు దాన్ని తొక్కకూడదు, పళ్లు విరుగుతాయి. క్లచ్ నొక్కి, చక్రం ఆగాక పెడల్ తొక్కి, మెల్లగా తిన్నగా నడపాలి. గట్టి నేల రాగానే, మలుపు తిరగడానికి ముందే కాలు తీయాలి. కాలు తీసినా లాక్ వదలకపోతే బండి మెల్లగా పోతుండగా ఎడమ, కుడి బ్రేకులను ఒకదాని తరువాత ఒకటి తేలిగ్గా తొక్కితే వదులుతుంది. రోడ్డు మీద లాక్ ముట్టకూడదు. అక్కడ బ్రేకు పెడల్స్ రెండింటినీ కలిపే కొక్కెం కూడా తప్పక వేయాలి.

రెండు చక్రాలూ జారుతుంటే లాక్ కూడా ఏమీ చేయలేదు. దమ్ముకు కేజ్ వీల్స్ వేసుకోవాలి. మెట్ట దుక్కులకు వెనుక టైర్లలో ముప్పాతిక వంతు నీళ్లు నింపితే పట్టు పెరుగుతుంది. 13.6-28 టైరులో సుమారు 200 లీటర్లు పడతాయి. లోతు బురదలో మాత్రం ఈ బరువే బండిని దించుతుంది. కాబట్టి మెట్టకు చేసేది దమ్ముకు చేయకూడదు.

దిగబడితే చక్రానికి దుంగ కట్టి ముందుకు లాగించడం మన ఊళ్లలో అలవాటు. ఇదీ ప్రాణం తీసే పనే. చక్రం తిరిగే వీలు లేకపోతే ఇంజను బలానికి బండి ముందు భాగం పైకి లేచి డ్రైవరు మీదకు వెనక్కి పడుతుంది. దూకడానికి కూడా వ్యవధి ఉండదు. చక్రాల వెనక బురద తవ్వి, రివర్సులో బయటికి తీయాలి. రాకపోతే ఇంకో ట్రాక్టరుతో లాగించాలి. లాగే బండికి గొలుసు కింది డ్రాబారుకే కట్టాలి. టాప్ లింకుకు గానీ యాక్సిల్‌కు గానీ కట్టరాదు.

నేర్పేవారేరీ?

తప్పంతా రైతుదే అనలేం. డీలరు తాళాలిచ్చి, దండ వేసి, ఫొటో తీసి పంపిస్తాడు. ఏ పెడల్ ఎందుకో పొలంలో చూపించే వాళ్లు తక్కువ. సెకండ్ హ్యాండ్ బండికి ఆ మాటే లేదు. కేంద్ర ప్రభుత్వ యంత్రాల శిక్షణ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. మంచి సంస్థే. కానీ దినకూలికి ట్రాక్టరు తోలే కుర్రాడు పని మానుకుని అంత దూరం పోగలడా? దమ్ములకు ముందు వ్యవసాయ శాఖ, డీలర్లు కలిసి మండలానికి ఒక రోజు, ఒక బురద మడిలో, నిజం ట్రాక్టరు మీద చూపిస్తే చాలు. యజమానులను కాదు, డ్రైవర్లను పిలవాలి. ఆ రోజు కూలి ఇచ్చి మరీ పిలవాలి. ప్రాణం పోయేది వాళ్లదే.

పాత బండి కొనేవారు ఒక పరీక్ష చేసుకోవాలి. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనుక భాగాన్ని గట్టి దిమ్మల మీద నిలపాలి. ఇంజను ఆపి, గేరులో ఉంచి, బ్రేకు వదిలి ఒక వెనుక చక్రాన్ని చేత్తో తిప్పాలి. రెండోది ఎదురు దిక్కుకు తిరిగితే డిఫరెన్షియల్ బాగున్నట్టు. ఎంత తిప్పినా చక్రం కదలకపోతే లోపల వెల్డింగ్ ఉందేమో, లాక్ వదలక బిగిసిందేమో విప్పించి చూడందే బయానా ఇవ్వకండి.

ట్రాక్టరు ఉన్నవారు ఈ వారమే బండి దగ్గరికి వెళ్లి ఆ పెడల్ దిగుతుందో లేదో తొక్కి చూడండి. దిగితే డ్రైవరుకు వాడకం చెప్పండి. దిగకపోతే నీళ్లు వదిలేలోగా బాగుచేయించండి. దిగబడిన ట్రాక్టరును పది మంది కలిసి రేపైనా బయటికి లాగుకోవచ్చు. కాలువలో పడిన మనిషి సంగతి అలా కాదు.