పేటికలోని కుట్టుపని

హిమాలయ ప్రాంతమునందలి చంబా సీమలో పూర్వము స్త్రీలు పలుచని మల్లుగుడ్డపై పురిపెట్టని పట్టుదారముతో రాసలీలలను, వివాహోత్సవములను కుట్టుచుండిరి. చిత్రకారుడు బొగ్గుతో రేఖలు గీచి యిచ్చెడివాడు. తక్కిన దంతయు సూదిపని. ఆ కుట్టునకు దోరుఖా యని పేరు. బట్ట రెండు ముఖములును ఒక్కతీరుగ నుండును; ముడి యెచ్చటను గానరాదు. కానుకల పళ్లెరములపై గప్పుటకై కుట్టిన యా రుమాళ్లు నేడు చంబాలోని భూరిసింగ్ మ్యూజియమునందును, లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమునందును గలవు. వానిని కుట్టినవారి పేరులు మాత్రము దాదాపుగా లేనే లేవు.

ఇట్టి వస్తువుల ఛాయాచిత్రములను అంతర్జాలమున నెల్లరకు ఉచితముగ పంచుట తగునా యని కొందరు సందేహించుచున్నారు. పంచకుండుటయే యన్యాయమని మా యభిప్రాయము.

పట్టుదారమునకు వెలుతురు శత్రువు. దానివలన గలిగిన హాని మరల తీరదు. అందుచే మ్యూజియములవారు ప్రాచీన వస్త్రములను సుమారు 50 లక్సుల మసక వెలుతురున కొలదికాలము చూపి, పిదప చీకటి పేటికలలో భద్రపరతురు. ఇది ధర్మమే. కాని గుడ్డను దాచక తప్పదు గనుకనే దాని చిత్రమును దాచరాదు.

చిత్రములను విడిచిపెట్టినచో యంత్రవర్తకులు నకళ్లు దీసి సొమ్ము చేసికొందురని యొక యాక్షేపణ గలదు. ఈ భయము నిరాధారము కాదు. కాని వర్తకునకు రుసుము అడ్డమా? అతడు చెల్లించి కొనగలడు. ఆ రుసుము అడ్డమగునది ఇంట గూర్చుండి సూదిపట్టిన పేదరాలికే! ఇక ఆదాయము పోవునందురా? న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియము 2017 ఫిబ్రవరిలో సుమారు 3,75,000 చిత్రములను ఎవ్వరైనను ఏ పనికైనను వాడుకొనవచ్చునని ప్రకటించెను. 2020లో స్మిత్‌సోనియన్ సంస్థ 28 లక్షల చిత్రములను అట్లే విడిచెను. వాని తలుపులు మూతపడలేదు గదా!

పాతపనిని చూచుటవలన ఫలమేమని యడుగువారికి చంబాయే సమాధానము. 1990 తరువాత ఢిల్లీ క్రాఫ్ట్స్ కౌన్సిల్‌వారు మ్యూజియములలోని ప్రాచీన రుమాళ్లను మాతృకలుగ గైకొని, చంబా స్త్రీలచేత మరల కుట్టించిరి. క్షీణించిన పనితనము తిరిగి చేతికి వచ్చెను. ఒక సంఘమునకు దొరికిన యా యవకాశము ఒంటరిగ కుట్టుకొను స్త్రీకేల దొరకరాదు?

అయితే ఎట్లు పంచినను చాలునని మేమనము. ముందు ముఖమును మాత్రమే చూపిన చిత్రము దోరుఖాను చూపినట్లు కాదు. వెనుకప్రక్కను, కుట్టును దగ్గరనుండియు, కొలతతోగూడ చూపవలెను. ఊరిపేరు, కుట్టుపేరు, కాలము చిత్రముతో విడిపోకుండ నుండవలెను. తెలంగాణములోని లంబాడీ స్త్రీల యద్దాలకుట్టును చూపి, దానిక్రింద "గిరిజనుల పని" యని వ్రాసి యూరకుండువారు పంచుచున్నారా, దోచుచున్నారా? కుట్టినామె పేరు కాలగర్భమున బోయినది. ఆమె కులము, సీమ, కుట్టు తెలిసియు చెప్పకుండుట మన దోషము.

మన పాఠకులలో మ్యూజియములకు బోవువారును, అంతర్జాలమున చిత్రములు పంచువారును పెక్కురు గలరు. వెనుకప్రక్కను చూపుడని మ్యూజియములవారి నడుగుడు. పేరులేని చిత్రమును ముందునకు పంపకుడు. ఈ పనులకు ధనమక్కరలేదు. సూదిపట్టిన చేతిపై గౌరవముండిన చాలును.