చెరువుకట్ట సంరక్షణ

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో నిర్మింపజేశాడు. అక్కడి శాసనం చెరువుకు ఉండరాని ఆరు దోషాలను పేర్కొంటూ, కట్టనుండి నీరు ఊరడాన్ని మొదట చెప్పింది. మట్టికట్టలో కొద్దిపాటి ఊట సహజమే. ఆ నీరు బురదగా మారితే మాత్రం లోపలి మన్ను కొట్టుకొనిపోతున్నదని గ్రహించాలి. అలుగు చాలకపోతే వరద కట్టమీదుగా పొర్లి దానిని కోసివేస్తుంది. ఆ సీమలోనే 2021 నవంబరు 19న చెయ్యేటి వరదకు అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగి, దిగువ గ్రామాలలో ఎందరో అసువులు బాశారు.

కట్ట దిగువ వాలున ఇసుక, కంకర పొరలు వేసి, మన్ను కదలకుండా ఊటనీటిని వెలుపలికి పంపాలి. అలుగును నేటి వరదలకు తగినట్లు విస్తరించాలి. తలుపులను వర్షకాలానికి ముందే సరిచూడాలి. ప్రారంభోత్సవాలకు నోచుకోని పని గనుక మరమ్మతు వెనుకబడుతున్నది. కొత్త జలాశయానికి వెచ్చించేముందు పాతకట్టను పదిలపరచడమే పాలకుల ప్రథమ కర్తవ్యం.