అటకమీది నల్లప్లేట్లు

గుంతకల్లునుంచి ఏడో తరగతి చదివే కుర్రవాడొకడు ఉత్తరం రాశాడు. వాళ్ళ తాతగారు రైల్వేలో పనిచేశారట. గుంతకల్లు రైల్వే కాలనీలో ఒకప్పుడు ఆంగ్లో ఇండియను కుటుంబాలు చాలా ఉండేవి. అందులో ఒక కుటుంబం దేశం విడిచి వెళ్ళిపోతూ తాతగారికి ఒక ట్రంకుపెట్టె ఇచ్చింది. దాని నిండా గ్రామఫోను ప్లేట్లే!

"పాతసామాను వాడికి వేసెయ్యమని అమ్మ అంటున్నది. అవ్వ వద్దంటున్నది. ఒక ప్లేటుమీద టెడ్డీ వెదర్‌ఫర్డ్ అని ఇంగ్లీషులో ఉన్నది. ఆయన ఎవరు? ఇవి ఎవరికైనా పనికివస్తాయా?" అని అడిగాడు.

బాబూ, ఈ నెల మన కబుర్లన్నీ నీ ప్రశ్నను గురించే. ముందు ఒక్క మాట: మీ అవ్వ చెప్పినట్టే చెయ్యి. పెట్టె ఎవరికీ ఇవ్వకు. ఎందుకో చెబుతాను.

వెదర్‌ఫర్డ్ అమెరికాలో పుట్టిన నల్లజాతి పియానో విద్వాంసుడు. ఆయన వాయించినది జాజ్ సంగీతం. న్యూ ఆర్లియన్సు నగరంలోని నల్లజాతివారు బూరలతో, డోళ్ళతో, పియానోతో దీన్ని పెంచారు. మన పాటకచేరీలో విద్వాంసుడు కల్పనస్వరం వేసేటప్పుడు అప్పటికప్పుడు మనసులో పుట్టినదే పాడతాడు గదా! జాజ్ వాయించేవారూ అంతే. ఇవాళ వాయించినట్టు రేపు వాయించరు. అందుచేత కాగితంమీద స్వరాలు రాసిపెట్టుకుంటే చాలదు. ఆనాడు ఎట్లా వాయించారో తెలియాలంటే ప్లేటు ఉండితీరాలి. మొట్టమొదటి జాజ్ ప్లేటు 1917లో వచ్చింది.

1923లో కింగ్ ఆలివర్ అనే ఆయన తన బృందంతో రిచ్‌మండ్ అనే చిన్న ఊరికి వెళ్ళాడు. అక్కడ జెన్నెట్టు కంపెనీ వారి రికార్డింగు గది రైలుపట్టాల పక్కనే ఉండేది. రైలు వచ్చిందంటే వాయిద్యం ఆపి, అది పోయిందాకా కూర్చోవలసిందే. గుంతకల్లు పిల్లలకు ఈ అవస్థ నేను వేరే చెప్పనక్కరలేదు! అప్పటికి మైకులు వాడుకలోకి రాలేదు. అందరూ ఒక పెద్ద గరాటులోకి వాయించేవారు. బృందంలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే యువకుడి బూర మరీ గట్టిగా మోగుతున్నదని అతణ్ణి దూరంగా నిలబెట్టారని చెబుతారు. తరవాత అతడు లోకమంతా ఎరిగిన విద్వాంసుడైనాడు.

ఆ ఏడు అక్టోబరులో వాళ్ళు వాయించిన రెండు పాటలతో 5275 నంబరు ప్లేటు వచ్చింది. ఇవాళ దాని ప్రతి లోకం మొత్తంమీద ఒకే ఒక్కటి మిగిలినట్టు తెలుస్తున్నది.

మిగిలినవన్నీ ఏమైనట్టు? దీనికి జవాబులో మన దేశపు చెట్లున్నాయి. ఆ నల్లప్లేట్లకు ప్రాణం లక్క. రేగు, మోదుగ వంటి చెట్ల కొమ్మలమీద చిన్న పురుగులు కాపురముండి లక్కను ఊరుస్తాయి. లక్షలాది పురుగులు కష్టపడితే గాని ఒక్క కిలో రాదు. ఆ లక్క అప్పుడు ఎక్కువగా భారతదేశంనుంచే పోయేది. దానిలో రాతిపొడి, నల్లరంగు కలిపి, వేడిచేసి, లోహపు అచ్చుల మధ్య నొక్కితే ప్లేటు అయ్యేది. రెండవ ప్రపంచయుద్ధంలో ఓడలు రావటం కష్టమైంది. పైగా యుద్ధానికి కూడా లక్క కావలసివచ్చింది. 1942లో అమెరికా ప్రభుత్వం ప్లేట్లకు వాడే లక్కను నూటికి డెబ్బై వంతులు తగ్గించింది. అప్పుడు ఇంటింటా పాత ప్లేట్లు పోగుచేసి, పొడిచేసి, కొత్తవాటిలో కలిపేశారు. ఆ పొడిలో ఎన్ని మంచి పాటలు కలిసిపోయాయో!

ఇక మన వెదర్‌ఫర్డ్ సంగతి. 1926లో షికాగోలో ఒకే ప్లేటుమీద ఆయన పియానో, ఆర్మ్‌స్ట్రాంగ్ బూర కలిసి మోగాయి. ఆ ఏడే ఆయన తూర్పుదేశాలకు బయలుదేరాడు. షాంఘై తిరిగి, బొంబాయిలో తాజమహల్ హోటల్లో వాయించి, చివరకు కలకత్తా చేరాడు. అక్కడ గ్రాండ్ హోటల్లో బృందం నడిపాడు. కొలంబియా కంపెనీకి ప్లేట్లు ఇచ్చాడు. 1945లో అక్కడే కలరా సోకి చనిపోయాడు. కలకత్తాలో వాయించిన ఆ పాటలకోసం ఇతర దేశాలలో జాజ్ ప్లేట్లు సేకరించేవారు ఇండియావైపు చూస్తూ ఉంటారు. మీ అటకమీద ఉన్నది అటువంటిదేమో!

పాత పాటలను మళ్ళీ విడుదల చెయ్యటం పుస్తకం మళ్ళీ అచ్చువెయ్యటంవంటిదే. అసలు లోహపు అచ్చులుంటే పని సులభం. చాలా కంపెనీల అచ్చులు పాతలోహం కింద పోయాయి. అప్పుడు ఎవరి ఇంట్లోనైనా మిగిలిన మంచి ప్లేటు తెచ్చి, దానికి సరిపడే ముల్లు ఎంచి, సరైన వేగంతో తిప్పి, ధ్వనిని కంప్యూటరులోకి ఎక్కిస్తారు. చిటపటలు తగ్గిస్తారు. మరీ తగ్గిస్తే బూరలోని పస కూడా పోతుంది. కొందరు తొందరపడి అట్లాగే పాడుచేస్తారు. నన్నడిగితే కాస్త చిటపట ఉన్నదే మేలు.

ఇట్లా వెతికేవారు తెలుగువారిలోనూ ఉన్నారు. చెన్నైలో వి. ఎ. కె. రంగారావుగారు వేలకొద్దీ ప్లేట్లు సేకరించి ప్రసిద్ధులైనారు. మన నాటకపద్యాల ప్లేట్లకూ జాజ్ ప్లేట్లకు పట్టిన గతే పట్టింది.

వెతుకులాటను గురించి ఒక చిన్న కథ. 1977లో అమెరికావారు వాయేజరు నౌకలను ఆకాశంలోకి పంపుతూ, ఒక్కొక్కదానిలో బంగారుపూత పూసిన ప్లేటు పెట్టారు. దానిలో ఆర్మ్‌స్ట్రాంగ్ 1927లో వాయించిన పాట ఒకటి ఉన్నది. మన దేశంనుంచి కేసర్‌బాయి కేర్కర్ పాడిన పాట కావలసివచ్చింది. ఎంత వెతికినా ఆ ప్లేటు దొరకలేదు. చిట్టచివరకు న్యూయార్కులో ఒక భారతీయ కుటుంబంవారి కొట్టులో, బల్లకింద దుమ్ముపట్టిన అట్టపెట్టెలో మూడు ప్రతులు కనిపించాయి! ఇప్పుడా పాట సూర్యకుటుంబపు గాలులు దాటి పోతూనే ఉన్నది.

బాబూ, ఇక నీ పని. నీ ప్లేట్లకు మీ జిల్లాలో ఒక మేలు, రెండు కీడులు. తేమ తక్కువ గనక సముద్రతీరపు ఊళ్ళలో పట్టినట్టు బూజు పట్టదు. అయితే ఎండకు లక్క మెత్తబడి ప్లేటు వంకరపోతుంది. రేకుల కప్పు కింద, పడమటి గోడ పక్కన పెట్టవద్దు. పాత మట్టిమిద్దె గది ఉంటే అంతకంటే చల్లని చోటు లేదు. రెండో కీడు ఆషాఢమాసపు గాలి. ఆ దుమ్ము గాళ్ళలోకి దూరి అరగదీస్తుంది. ఒక్కొక్క ప్లేటుకు కాగితపు సంచీ తొడిగి, పుస్తకాలమాదిరి నిలువుగా పెట్టు. మెత్తని పొడిగుడ్డతో గాళ్ళ వెంబడే తుడువు. స్పిరిటు మాత్రం తగలనియ్యకు! వడ్రంగి బల్లలకు పూసే పాలిషు ఏమిటనుకున్నావు? స్పిరిటులో కరిగించిన లక్కే. నీ ప్లేటూ అట్లాగే కరుగుతుంది. పాత యంత్రం ఉన్నదిగదా అని మొద్దుబారిన ముల్లు వేసి వాయించకు.

ఒక ఆదివారం అమ్మనూ అవ్వనూ పక్కన కూర్చోబెట్టుకుని జాబితా రాయి. చీటీమీద కంపెనీ పేరు, నంబరు, వాయించినవారి పేరు ఉంటాయి. చీటీకి, చివరి గాడికి మధ్య నున్నటి జాగాలో చిన్న అంకెలు చెక్కి ఉంటాయి. ప్లేటును వెలుగుకు వాల్చి చూస్తే కనిపిస్తాయి. అవి అచ్చు నంబర్లు. ఏ అచ్చునుంచి ప్లేటు తీశారో సేకరించేవారు వాటితోనే పోల్చుకుంటారు. ఆ అంకెలు తప్పకుండా రాసి పంపు. వెదర్‌ఫర్డ్ ప్లేటుకు రెండో వైపు ఏ పాట ఉన్నదో నాకు చూడాలని ఉన్నది.