బెత్తం నేర్పే గుణాలు

"రెండు కళ్ళు మిగల్చండి సార్, తోలు మీ ఇష్టం." పిల్లవాణ్ణి బడిలో చేరుస్తూ తండ్రి మేష్టారికి ఈ మాట చెప్పడం మన ఊళ్ళల్లో తరతరాలుగా మర్యాదగానే చెల్లింది. ఇప్పుడా తండ్రి మనవడు టై కట్టుకుని బస్సెక్కి టెక్నో స్కూలుకి పోతున్నాడు. ఫీజు లక్షకు చేరింది, గోడకుర్చీ మాత్రం ఎక్కడికీ పోలేదు. పిల్లల మార్కుల్ని పేర్లతో సహా వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరందరికీ చూపించడం కొత్తగా దానికి తోడైంది. బిడ్డ నలుగురిలో తలదించుకుంటే తప్ప గుణవంతుడు కాడన్న నమ్మకం మనల్ని ఇంకా వదల్లేదు. ఆ నమ్మకం పచ్చి అబద్ధం. పైగా పిల్లల్లో ఏ గుణాలు ఉండకూడదని మనం అంటామో సరిగ్గా ఆ గుణాలనే అది పెంచి పోషిస్తోంది.

2007లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ పిల్లలపై జరిగే హింస మీద ఒక పెద్ద అధ్యయనాన్ని బయటపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో పిల్లల్నే నేరుగా అడిగారు. బడికి వెళ్ళే పిల్లల్లో 65 శాతం మంది తాము దెబ్బలు తిన్నామని చెప్పారు. ముగ్గురిలో ఇద్దరన్నమాట. ఆ తర్వాత విద్యాహక్కు చట్టం వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఏ బిడ్డనూ శరీరం మీద గానీ మనసు మీద గానీ హింసించకూడదని దాని 17వ సెక్షన్ సూటిగా చెబుతోంది. పిల్లలు భయం, బెంగ లేకుండా తమ మాట చెప్పుకోగలిగేలా చదువు ఉండాలని 29వ సెక్షన్ అంటోంది. అంటే తొడపాశం, గుంజీలు, డస్టరుతో కణుపుల మీద కొట్టడం, "నీ మొహానికి చదువొకటా" అనడం, ఇవన్నీ చట్టాన్ని కాలరాయడమే. ఇన్నేళ్ళయినా ఎన్ని స్టాఫ్‌రూముల్లో ఈ సెక్షన్ల గురించి ఒక్క గంటైనా కూర్చుని మాట్లాడుకున్నారు?

చట్టం సంగతి కాసేపు పక్కన పెడదాం. భయంతో నడిచే తరగతిలో పిల్లవాడు రోజంతా ఏం నేర్చుకుంటున్నాడో చూడండి. లెక్కలు రాక హోంవర్కు చేయలేకపోయాడు. రాలేదని చెబితే అరచెయ్యి వాస్తుంది. అందుకని ప్రార్థన గంట కొట్టేలోపు పక్కవాడి నోట్సు చూసి ఎక్కించేస్తాడు. మేష్టారు ఎర్రసిరాతో టిక్కు పెడతారు. వాడికి భిన్నాలు అర్థం కాలేదన్న సంగతి ఆయనకిక ఎప్పటికీ తెలియదు. నిజం చెప్పినవాడికి దెబ్బలు, దొంగచాటుగా రాసినవాడికి టిక్కు. సత్యమే పలకమని గోడ మీద రంగులతో రాయించిన బడే లోపల ఈ పాఠం చెబుతోంది.

టీచరు బయటికి వెళుతూ లీడర్ని నిలబెట్టి, మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయమంటారు. ఆ సుద్దముక్క చేతికొచ్చిన క్షణంలో పదేళ్ళ పిల్లవాడు చిన్నపాటి దారోగా అయిపోతాడు. దోస్తు పేరు వదిలేస్తాడు. చాక్లెట్ ఇచ్చినవాడి పేరు చెరిపేస్తాడు. గిట్టనివాడి పేరు పక్కన ఇంటూ మార్కులు పెంచుకుంటూ పోతాడు. మిగతావాళ్ళు వాడి దగ్గర వంగి ఉండటం నేర్చుకుంటారు. పెద్దయ్యాక ఆఫీసుల్లో లంచాలూ పక్షపాతాలూ చూసి సమాజం చెడిపోయిందని వాపోతాం. వాటికి అక్షరాభ్యాసం మన తరగతి గదిలోనే జరిగింది. దెబ్బలు తిన్నవాడు ఇంటర్వెల్లో తనకంటే చిన్నవాణ్ణి గోడకేసి నొక్కుతాడు. బలం ఉన్నవాడు బలం లేనివాణ్ణి కొట్టొచ్చని వాడికి అప్పటికే కళ్ళారా చూపించారు కదా!

కర్ర పట్టకుండానే కొట్టే పద్ధతులు ఇంకా క్రూరమైనవి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టి, పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లను, కింది సెక్షన్‌కి మిగిలినవాళ్ళను పంపించే కార్పొరేట్ చదువు మన రెండు రాష్ట్రాల్లో వేళ్ళూనుకుంది. వారాంతపు పరీక్ష ర్యాంకు పడిపోతే బ్యాచ్ మారుస్తారు. పదహారేళ్ళ పిల్ల పెట్టె సర్దుకుని స్నేహితురాళ్ళ మధ్యనుంచి కింది బ్యాచ్‌కి నడిచి వెళ్ళాలి. దీన్ని పోటీతత్వం అంటున్నారు. పక్కవాడు జారితేనే తనకు మెట్టు దొరుకుతుందని నేర్చుకున్న పిల్లలో దయ ఎక్కడినుంచి పుడుతుంది? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ళ విద్యార్థిని మరణం మీద నడిచిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరిముందూ అవమానించడం, పిల్లల శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానాలని అందులో ఉంది. అంత చిన్న సంగతి చెప్పడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం దిగిరావలసి వచ్చిందంటే పెద్దలుగా మనం ఎంత దిగజారామో ఆలోచించండి.

"మీకేం, రాస్తారు. కొట్టకపోతే వినేదెవరు?" అని టీచర్లు అడుగుతారు. ఆ ప్రశ్నలోని బాధ నిజమైనది. 2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక ప్రధానోపాధ్యాయుడు పిల్లల ముందు సాష్టాంగపడి తానే గుంజీలు తీశారు. కొట్టలేం, తిట్టలేం, ఇంకేం చెయ్యగలం అన్నది ఆయన ఆవేదన. ఆ వీడియో ఊరూరా తిరిగింది, చాలామంది కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకైతే దుఃఖంతో పాటు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. కర్ర తీసేయమని చెప్పి, దాని స్థానంలో ఏం పట్టుకోవాలో నేర్పకుండా ఆయన్ని ఒంటరిగా వదిలేసిన వ్యవస్థ మీద. బీఈడీలో తరగతి నిర్వహణ అంటే పరీక్షకు బట్టీ పట్టే పదిహేను పాయింట్లు. ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరు ఉండాలని చట్టం చెబుతుంటే, చాలాచోట్ల ఒకే గదిలో రెండు మూడు తరగతులు ఒకే మనిషి మోస్తున్నారు. యాప్‌లలో వివరాలు ఎక్కించే పనీ ఆ మనిషి మీదే. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ళపాటు మరుగుదొడ్ల ఫొటోలు తీసి ఎక్కించే పని కూడా టీచర్ల మీదే పడింది. పిల్లవాడి మొహం చూసే తీరిక లేకుండా చేసి, వాడి నడతకు మాత్రం మేష్టారే జవాబుదారీ అంటే అన్యాయం కాదా?

అన్యాయమే. అయినా ఆ అన్యాయానికి బదులు పిల్లల వీపు మీద తీర్చుకునే హక్కు ఎవరికీ లేదు. బడిలో అందరికంటే బలహీనులు వాళ్ళే.

కర్ర లేకుండా బడి నడుస్తుందా అనేవాళ్ళు యానుష్ కోర్చాక్ గురించి తెలుసుకోవాలి. వైద్యుడు, రచయిత. 1912లో వార్సా నగరంలో పేద యూదు పిల్లల కోసం తెరిచిన అనాథాశ్రమాన్ని నడిపాడు. కొండమీద కట్టిన ఖరీదైన బడి కాదది. ఆకలినీ వీధినీ చూసి వచ్చిన పిల్లలుండే చోటు. అక్కడ పిల్లలే న్యాయమూర్తులుగా ఒక కోర్టు పెట్టాడు. తోటిపిల్లల మీదే కాదు, పెద్దల మీదా ఫిర్యాదు చేయొచ్చు. కోర్చాక్ మీద ఫిర్యాదు వస్తే ఆయనా వచ్చి సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆ కోర్టు నియమావళిలో ఎక్కువ భాగం క్షమించడం గురించే. న్యాయం అంటే ఏమిటో ఆ పిల్లలు పాఠంగా వినలేదు, తమ చేతులతో చేసి చూశారు. 1942లో నాజీలు ఆ పిల్లల్ని ట్రెబ్లింకాకు తీసుకుపోయినప్పుడు, తప్పించుకునే వీలున్నా ఆయన వాళ్ళను వదలకుండా వెంట వెళ్ళాడు. పిల్లల్ని గౌరవించడం ఆయనకు సరదా సిద్ధాంతం కాదు.

మన దగ్గర జరుగుతున్నదేమిటి? వారానికొక నీతి పీరియడ్ టైంటేబుల్లో వేస్తారు. పదో తరగతి సిలబస్ పూర్తికాలేదని లెక్కల సారు దాన్ని లాగేసుకుంటారు. ఆటల పీరియడ్‌నూ అంతే. మాట నిలబెట్టుకోవాలని చెప్పే బడి పిల్లలకిచ్చిన మాటను టైంటేబుల్లోనే తప్పుతోంది. నీతి కథల పుస్తకాలు అచ్చువేయడంతో ప్రభుత్వాల బాధ్యత తీరిపోదు. శీలం పుస్తకంలోంచి రాదు. తప్పు జరిగినప్పుడు పెద్దలు ఏం చేస్తారో, మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరిని ముందు నిలబెడతారో, ఎవరి కులం పేరెత్తి పిలుస్తారో, ఎవరితో గది ఊడ్పిస్తారో, అదంతా పిల్లలు చూస్తూనే ఉంటారు. అదే అసలైన నీతి పాఠం.

కాబట్టి నేను అడుగుతున్నవి గాలిలో మాటలు కావు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం సిలబస్ ముట్టుకోకండి. ప్రతి బిడ్డనూ పేరుపెట్టి పిలిచేంత పరిచయం చేసుకోండి. తరగతికి కావలసిన నాలుగు నియమాలు పిల్లలతోనే చెప్పించి, రాయించి, గోడకు పెట్టండి. అవి టీచరుకూ వర్తించాలి. గది ఊడ్చే పని, నీళ్ళు నింపే పని, లైబ్రరీ పని వంతులవారీగా అందరికీ రావాలి, మగపిల్లలకూ ఆడపిల్లలకూ సమానంగా. తప్పు చేసినవాడు ఆ తప్పును సరిదిద్దాలి. ఎవరినైనా ఏడిపిస్తే వాళ్ళకు కలిగిన నష్టమేంటో విని దాన్ని తీర్చాలి. పుస్తకం చింపితే అతికించాలి. గోడకుర్చీ వేస్తే చిరిగిన పుస్తకం అతుక్కోదు. మందలింపు చాటుగా, మెచ్చుకోలు ఫలానా పని బాగా చేశావని స్పష్టంగా ఉండాలి. టీచరు పొరబడితే పిల్లల ముందే ఒప్పుకోవాలి. తప్పు ఒప్పుకుంటే మనిషి చిన్నబోడని పిల్లలకు చూపించే దారి అదొక్కటే.

తల్లిదండ్రులారా, "కొట్టండి సార్" అన్న మాట ఇకనుంచి మీ నోట రాకూడదు. మీ బిడ్డ శరీరాన్ని ఇంకొకరికి రాసిచ్చే హక్కు మీకూ లేదు. ప్రభుత్వాలూ, ఖాళీ పోస్టులు నింపండి, యాప్‌లు తగ్గించండి, కర్ర లేకుండా తరగతి నడపడం టీచర్లకు శిక్షణలో నేర్పండి, సెక్షన్లుగా పిల్లల్ని విడదీసే యాజమాన్యాల గుర్తింపు రద్దు చేసే ధైర్యం చూపండి. ఉపాధ్యాయులారా, కర్ర పక్కన పడేయడం మీరు పిల్లలకు చేసే దయ కాదు, వాళ్ళకు చెల్లించాల్సిన బాకీ. మీరు లేనప్పుడు కూడా తరగతి సవ్యంగా నడిచిందంటే ఆ రోజే అక్కడ చదువు మొదలైనట్టు. మీ అడుగుల చప్పుడు విని సద్దుమణిగే తరగతిలో ఇంకా భయమే పాఠం చెబుతోంది. ఆ భయాన్ని ఈ విద్యా సంవత్సరమే బడి గేటు దాటించండి.