గాటు చిన్నదే, ఆపరేషన్ చిన్నది కాదు

పత్తి తీతలు సాగే నెలల్లోనూ, ఆ తరువాత మిరప కోతలు పడే జనవరి నుండి ఏప్రిల్ వరకూ మా ఓ.పి. వరండాలో నడుము పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేవారు ఎక్కువవుతారు. కూర్చోమంటే కూర్చోరు, కూర్చుంటే కాలు లాగేస్తుంది. పొద్దుటి నుండి సాయంత్రం దాకా చెట్టు మీదికి వంగి కాయ కోసి, దాన్ని బస్తాకెత్తి కల్లం దాకా మోసే ఆడవాళ్ళు, వీపున మందు ట్యాంకుతో చాళ్ళ వెంట తిరిగే మగవాళ్ళు, గుంటూరు యార్డులో 40, 45 కిలోల టిక్కీలు దింపే హమాలీలు. 2022లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల అని కొత్త పేర్లు వచ్చాయి గానీ ఈ నల్లరేగడిలో పని మారలేదు. నడుము నొప్పి లేని ఇల్లు వెతకాలి.

ఇదివరకు ఆపరేషన్ మాట ఎత్తితే "వెన్ను మీద కత్తి పెడితే కాళ్ళు పడిపోతాయంట" అని లేచి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు వాళ్ళే అడుగుతున్నారు: "సిస్టరమ్మా, చిన్న బొక్క పెట్టి నరం వదిలిస్తారంట గదా, మర్నాడే నడిపించి పంపేస్తారంట, దానికి రాసియ్యండి." భయం తగ్గినందుకు మాకు సంతోషమే. అయితే భయం పోయిన చోట ఇంకొక పొరపాటు వచ్చి కూర్చుంది. గాటు చిన్నది కాబట్టి ఆపరేషన్ చిన్నది, ఆపరేషన్ చిన్నది కాబట్టి విశ్రాంతి అక్కరలేదు అనుకుంటున్నారు. మా ఆసుపత్రిలో వెన్ను ఆపరేషన్లు చేయరు. ఎవరి వ్యాపారం పెంచాలని గానీ తగ్గించాలని గానీ మాకు లేదు. పంపేముందు చూసేది, చేయించుకుని వచ్చాక కట్టు మార్చి కుట్లు తీసేది మాత్రం మా నర్సులే. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అసలు జరిగేదేమిటో ముందు చెప్పుకుందాము. నడుములో అయిదు వెన్నుపూసలు ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తటి డిస్కు ఉంటుంది. గోతంలో బాగా కుక్కిన మిరపకాయలు కుట్టు ఊడిన చోట బయటికి పొడుచుకు వస్తాయి కదా, అలాగే డిస్కు పై పొర చిట్లిన చోట లోపలి గుజ్జు బయటికి వచ్చి ప్రక్కనే దిగే నరాన్ని నొక్కుతుంది. ఎక్కువగా క్రింది రెండు డిస్కుల్లోనే ఇది జరుగుతుంది. అందుకే నొప్పి నడుములో ఆగక పిరుదు మీదుగా మోకాలు దాటి పాదం దాకా దిగుతుంది. దగ్గినా తుమ్మినా కాలిలోకి కరెంటు కొట్టినట్లు ఉంటుంది. దీనినే సయాటికా అంటారు.

ఇలా జారిన డిస్కే ఈ నొప్పికి మూలమని 1934లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు మిక్స్టర్, బార్ అనే ఇద్దరు స్పష్టంగా వ్రాశారు. అప్పటి ఆపరేషన్‌లో కోత పెద్దది, ఎముక కూడా ఎక్కువగా తీసేవారు. 1977లో యాసర్‌గిల్, కాస్పర్ అనే సర్జన్లు వేరువేరుగా మైక్రోస్కోపు క్రింద చేసే పద్ధతిని ప్రకటించారు. ఒక అంగుళం గాటు చాలింది. 1997లో ఫోలీ, స్మిత్ అనేవారు కండను కోయకుండా ప్రక్కకు జరిపి, సన్నని గొట్టం దింపి, అందులోంచి కెమెరాతో చూస్తూ చేయడం చూపించారు. ఇప్పుడు పెన్సిలు లావు ఎండోస్కోపుతో కూడా చేస్తున్నారు. కండ తక్కువ నలుగుతుంది, రక్తం తక్కువ పోతుంది, త్వరగా ఇంటికి పంపుతారు. ఇవన్నీ నిజాలే.

కానీ బోర్డుల మీద వ్రాయని సంగతి ఒకటి ఉంది. 2009లో నెదర్లాండ్స్ డాక్టర్లు 328 మందిని రెండు భాగాలు చేసి, కొందరికి గొట్టం పద్ధతి, మిగిలినవారికి మామూలు మైక్రోస్కోపు పద్ధతి చేసి చూశారు. సంవత్సరం తరువాత గొట్టం పద్ధతి వారిలో 69 శాతం, మామూలు పద్ధతి వారిలో 79 శాతం మంది బాగా కోలుకున్నామని చెప్పారు. 2022లో అదే దేశంలో 613 మందితో చేసిన ఇంకొక పరిశోధనలో ఎండోస్కోపు పద్ధతి మైక్రోస్కోపు పద్ధతికి తీసిపోదని తేలింది. అంటే ఏ పద్ధతైనా, చేయి తిరిగిన సర్జను తగిన రోగికి చేస్తే ఫలితం వస్తుంది. కేవలం చిన్న బొక్క కోసం కల్లంలో కాయ తెగనమ్మి, మెడలో గొలుసు తాకట్టు పెట్టి హైదరాబాదు, చెన్నై పరుగెత్తనక్కరలేదని మా అభిప్రాయం. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో న్యూరోసర్జరీ విభాగం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకం ఒకటి ఉంది. డబ్బు కట్టే ముందు ఆసుపత్రిలోని వైద్యమిత్ర దగ్గరకు వెళ్ళి, మీకు చెప్పిన ఆపరేషన్ ఆ పథకంలోకి వస్తుందో రాదో అడగండి.

అసలు ఆపరేషన్ ఎవరికి కావాలి? ఎం.ఆర్.ఐ. కాగితంలో డిస్కు ఉబ్బింది అని ఉన్న ప్రతివారికీ కాదు. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే సగం పైచిలుకు మందిలో డిస్కు ఉబ్బు కనబడింది. సయాటికా వచ్చినవారిలో ఎక్కువమందికి మందులతో, జాగ్రత్తగా తిరగడంతో ఆరు నుండి పన్నెండు వారాల్లో నెమ్మదిస్తుంది. అప్పటికీ తగ్గక నిద్ర పట్టనివారికి ఆపరేషన్ వలన కాలి నొప్పి త్వరగా పోతుంది. 2007లో వచ్చిన డచ్ పరిశోధనలో త్వరగా ఆపరేషన్ చేసినవారూ, ఆగి చూసినవారూ సంవత్సరం తిరిగేసరికి సమానంగానే కోలుకున్నారు. ఆగినవారిలో 39 శాతం మంది మాత్రం ఆ లోపల ఆపరేషన్ చేయించుకున్నారు. కాబట్టి ఆగడం తప్పు కాదు, చేయించుకోవడమూ తప్పు కాదు. రోజుకూలి పోయే ఇంటికి త్వరగా కోలుకోవడం ఎంత అవసరమో మాకు తెలియనిది కాదు.

ఆగకూడనివారు కొందరున్నారు. మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా, మలం అదుపు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా ఆ రోజే, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఒకటి రెండు రోజులు దాటితే పోయిన అదుపు తిరిగి రాకపోవచ్చు. ఆడవాళ్ళు ఈ సంగతి చెప్పడానికి సిగ్గుపడతారు. మా సిస్టర్లతోనైనా చెప్పండమ్మా. అలాగే నడుస్తుంటే చెప్పు కాలి నుండి జారిపోతోందంటే, బొటనవేలు పైకి లేవడం లేదంటే నరం బలం తగ్గిందని అర్థం. చెప్పు జారుతోందని తాడు కట్టుకుని, పంట అమ్మేదాకా రెండు నెలలు తిరిగిన రైతు ఒకాయన మా దగ్గరకు వచ్చాడు. ఆపరేషన్ తరువాత నొప్పి పోయింది గానీ పాదం పూర్తిగా లేవలేదు.

ఈ రెండు నెలల్లో ఏమి చేశావయ్యా అంటే, ఊళ్ళో ఇంజెక్షన్లు అన్నాడు. ఆ ఇంజెక్షన్లలో నొప్పి మందు, స్టెరాయిడ్ కలిపి ఉంటాయి. ఆ పూటకు నొప్పి తెలియదు, మనిషి మళ్ళీ చేలోకి దిగుతాడు, లోపల నరం నలుగుతూనే ఉంటుంది. షుగరు ఉన్నవారికి అది పెరుగుతుంది, కిడ్నీలకు కీడు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుము తన్నించుకున్నామని చెప్పేవారు ఇప్పటికీ వస్తున్నారు. కండ పట్టేస్తే అదే వదులుతుంది, ఆ పేరు తన్నినవారికి పోతుంది. జారిన డిస్కును మాత్రం తన్నించుకోవద్దు.

ఇక మా అసలు బాధ ఆపరేషన్ తరువాతి సంగతి. ఒక కౌలు రైతు ఇంటి కోడలికి సంక్రాంతి వెళ్ళాక వేరే ఊళ్ళో చిన్న గాటు ఆపరేషన్ అయింది. మర్నాడు నడిచింది, రెండో రోజు ఇంటికి వచ్చింది. నడుము మీద రెండు వేళ్ళంత ప్లాస్టరు చూసి అత్తగారు "ఈ మాత్రం దానికి మంచం ఎక్కాలా" అన్నది. మూడవ వారంలో ఆ పిల్ల కల్లంలో బస్తా పట్టింది. అదే కాలు, అదే నొప్పి. మళ్ళీ ఎం.ఆర్.ఐ. తీస్తే అదే చోట ఇంకొక ముక్క బయటికి వచ్చింది.

సర్జను ముక్కను తీస్తాడు గానీ డిస్కు పొరలోని చిల్లుకు కుట్టు వేయడు, అది తనంతట తాను నెమ్మదిగా పూడాలి. పైన తోలు పదిరోజుల్లో అతుకుతుంది కాబట్టి లోపల కూడా అతికిందనుకుంటాము. ఎంత జాగ్రత్తగా ఉన్నా వందలో అయిదు నుండి పదిహేను మందికి మళ్ళీ జారుతుంది. ఆరు వారాలు బరువు ఎత్తవద్దని ఎక్కువమంది సర్జన్లు చెబుతారు. విదేశాల్లో కొందరు రెండు వారాలకే ఆంక్షలు సడలిస్తున్నారు, నిజమే. అక్కడి ఆఫీసు కుర్చీకీ మన మిరప బస్తాకూ పోలిక లేదు. మంచం మీదే ఉండమని కూడా మేము చెప్పము. రోజూ నడవాలి, ఇంటి చుట్టూ తిరగాలి. వంగడం, బరువెత్తడం, ఆటోలో గుంతల రోడ్డు మీద ప్రయాణం, ఇవి వద్దు.

ఆ అమ్మాయికి ఇచ్చిన కాగితంలో బరువు ఎత్తరాదని వ్రాసే ఉంది, ఇంగ్లీషులో ఒక ముక్క. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదివేది తొమ్మిదో తరగతి పిల్లవాడు. వాడినెవరూ అడగలేదు. ఎవరు ఆపరేషన్ చేసినా ఇంటికి పంపేరోజు కాగితం తెలుగులో ఇవ్వాలని, రోగికి కాక ఇంట్లో పని చెప్పేవారికి చదివి వినిపించాలని మా కోరిక. కర్నూలు వైపు నుండి కోతలకు వచ్చి చేలగట్ల మీద గుడారాల్లో ఉండేవారికైతే ముఠా మేస్త్రీని పిలిచి చెప్పాలి.

రెండవ ఆపరేషన్ ఫిబ్రవరి మధ్యలో అయింది. కుట్లు తీయించుకోవడానికి మా దగ్గరకు వచ్చినప్పుడు అత్తగారిని ప్రక్కన కూర్చోబెట్టి అన్నీ చెప్పాము.

"నీళ్ళ బిందె గూడా ఎత్తకూడదా అమ్మా?" అన్నది. ఎత్తకూడదన్నాము.

"ఆరు వారాలంటే ఎప్పటికి?" అన్నది. క్యాలెండరు తీసి మార్చి ఆఖరు చూపించాము.

"అప్పటికి మూడో కోత గూడా అయిపోద్ది గదమ్మా" అని కాసేపు ఊరుకుంది. తరువాత ఆ కాగితం మడిచి తన చెంగున ముడి వేసుకుని, కోడలి చేతిలోని సంచి తాను అందుకుంది.